చెమట పట్టే పేరు

గురువారం దీపాలు పెట్టినాంక నంద్యాల పేర్లరాయి పార్కు పక్కన ఎవురూ నడవరు. స్టేషన్ నుంచి ఊర్లోకి అదే దగ్గరి దోవ. అయినా సరే... చుట్టూ తిరిగి పోతారు. జట్కావాడు గూడా అటు తిప్పమంటే తిప్పడు. "గుర్రం పోదు సామీ" అంటాడు. గుర్రం పోతాది. వాడే పోడు.

ఏముండాది ఆడ? ఒక రాయి. ఆళెత్తు నల్లరాయి. దాని మీద ఇంగ్లీషు అచ్చరాల్లో పదమూడు పేర్లు. హిట్లరు యుద్ధానికి పోయి తిరిగి రాని ఈ చుట్టుపక్కల ఊర్ల వాండ్లవి. రాయి చుట్టూ ఇనుప గొలుసు, నాలుగు కానగ చెట్లు, రెండు సిమెంటు బల్లలు. అంతే పార్కు.

మామూలు పొద్దుల్లో చూస్తే ఏమీ తెలీదు. శుక్రవారం పొద్దున్నే పోయి చూడల్ల. పన్నెండు పేర్లు దుమ్ము కొట్టుకోని ఎండి ఉంటాయి. పైనుంచి మూడోది మాత్రం... తడిగా ఉంటాది. నుదురు మీద చెమట పట్టినట్ట, నిగనిగా మెరుస్తాంటాది.

అది హుస్సేన్ వలి పేరంట. ఆళ్లగడ్డ పక్క మనిషంట. బర్మా యుద్ధంలో తుపాకి పారేసి పారిపోయినాడంట. పారిపోతాంటే ఒక బూటు బురదలో ఇరుక్కునెనంట — దాన్ని తీసుకునేదానికి గూడా ఆగలేదంట. ఆ సిగ్గుకు ఇప్పటికీ వారం వారం వాని పేరుకు చెమట పడతాదంట...

ఈ అంటలన్నీ పుట్టింది ఒక్కని నోట్లోనుంచే. వాడు బాలస్వామి.

బాలస్వామి గింజల మిల్లులో గోతాలు కుట్టేవాడు. ఆదివారాలు, మిల్లుకు సెలవిచ్చిన పొద్దులు, సందకాడ కాసేపు — పార్కులోనే ఉంటాండె. వాన్ని ఎవురూ పెట్టలే, ఎవురూ ఏమీ ఇయ్యరు. తనంతట తానే పెట్టుకున్న పని. మహానందికో యాగంటికో పోయేవాండ్లు రైలు దిగి బస్సు కోసరం కూచోనుంటే, పోయి పిల్చుకోనొస్తాండె. కాకీ చొక్కా, చేతిలో బెత్తం, కాళ్లకు లాడాలు కొట్టిన మిలిటరీ బూట్లు.

"రాండప్పా, రాండి. గొలుసు దాటొద్దు. రాయి ముట్టుకోవద్దు. ముట్టుకున్నోని చెయ్యి మీద ఈ బెత్తం పడతాది, ముందే చెప్తాండా."

బూట్లు చూసి అందరూ వాన్ని మిలిటరీ మనిషే అనుకుంటాండ్రి. వాడు ఔననలే. కాదని గూడా అనలే.

నలభై రెండులో మిలిటరీకని కర్నూలు పోయినాడు బాలస్వామి. వీధి వీధంతా స్టేషన్‌కు వచ్చి పూలదండ ఏసి పంపిరి. ఆడ రొమ్ము కొలిస్తే అంగుళం తక్కువ వచ్చె. "ఇంటికి పోయి ఇంగో రెండేండ్లు సంగటి తిను పో" అనె కొలిచినోడు. మూడో పొద్దు రాత్రి రైలుకు దిగి, దండ చొక్కాలో దోపుకోని, గోడల పక్కన నడుచుకుంటా ఇంటికొచ్చినాడు. పదహైదేండ్లయినా ఆ నడక వాని కాళ్లల్లోనుంచి పోలే.

అందుకే పెన్షన్ శేషయ్య పక్కన చేరినాడు. శేషయ్య నిజం సిపాయి. రాయి నాటిన పొద్దునుంచి దాన్ని కనిపెట్టుకోని ఉండింది ఆయనే. మోకాళ్లు పోయి నిలబడలేక, రాయి మొదట్లో గోతం పరుచుకోని కూచోని, చేతికర్రతో ఒక్కో పేరు తట్టి చెప్తాండె — ఈయన ఫలానా, ఈ ఊరాయన, ఆడ పోయినాడు. బాలస్వామి పదమూడు పేర్లు పాఠం మాదిరి బట్టీ పట్టినాడు. ముసలాయన పోయే ముందర తన బూట్లు వానికిచ్చె. రెండు కొలతలు పెద్దవి. బాలస్వామి పాత దిండు చించి, ఆ దూది ముందర కుక్కి తొడుక్కున్నాడు.

ఒక్క సంగతి మాత్రం శేషయ్యకు తెలీదు, ఊరికీ తెలీదు. బాలస్వామికి ఇంగ్లీషు అచ్చరం ఒక్కటి రాదు.

కొన్నాళ్లు బాగనే జరిగె. పదమూడు మందీ వీరులే, పదమూడు మందీ తుపాకి చేతిలో పట్టుకోనే పోయిరి. ఒకనాడు బనగానపల్లె మామిడి తోటలాయన ఒకడు ఆవలిస్తా అనె — "అందరూ వీరులేనా అప్పా? ఒక్కడన్నా భయపడినోడు లేడా?"

జనం నవ్విరి. బాలస్వామి మొకం మాడె.

ఆ పొద్దు శుక్రవారం. రాయి వంక తిరిగినాడు. మూడో గీత తడిగా కనబడె. కొన్నాళ్లుగా చూస్తానే ఉండాడు, ఎందుకో తెలీదు. మూడోది హుస్సేన్ వలి. నంద్యాలలో ఆ పేరు ఎరిగినోడు ఎవురూ లేరు...

"ఉండాడు" అనె బాలస్వామి. గొంతు తగ్గించినాడు. "ఇదో, ఈయన. చూడండి... చెమట."

ఆవలించినోడు నోరు మూసె. ఆడోండ్లు పిల్లోండ్లను దగ్గరికి లాక్కునిరి. ఇన్నేండ్లల్లో ఎప్పుడూ అంత నిశ్శబ్దంగా వినలే వాన్ని ఎవురూ. మరుసటి వారం ఆ తోటలాయన ఇంగో నలుగురిని వెంటబెట్టుకోనొచ్చె. ఆ వారం తుపాకి వచ్చి చేరె. దాని వెనక వారం వాగు, బురద, బూటు. చెప్పేకొద్దీ హుస్సేన్ వలి ఇంకా ఇంకా పిరికోడు అయితా పోయె. రెండేండ్లల్లో కథ బస్సెక్కి ఊర్లు తిరిగె. గురువారం రాత్రి రాయి మొదట్లో ఎవురో గొణుగుతాంటారని జట్కావాడొకడు జత చేసె.

కథ అల్లింది తానే. అయినా... ఆ తడి యాన్నుంచి వస్తాదో బాలస్వామికి నిజంగా తెలీదు. దగ్గరికి పోయి మూచూస్తే ఏదో సన్నని సువాసన. గురువారం సందకాడ మాత్రం అందరికంటే ముందర ఇల్లు చేరేది వాడే.

ఆంధ్రప్రదేశ్ అయిన మరుసటి ఏడు, కార్తీకమాసంలో, ఆడపిల్లల బడికి సరస్వతి అని కొత్త టీచరమ్మ వచ్చె. గుంటూరు పక్క మనిషి. సోమవారం సందకాడ ఒంటిగా పార్కుకు వచ్చి, పదిమందిలో నిలబడి అంతా వినె. బాలస్వామి బెత్తంతో ఒక్కో గీత చూపిస్తా పేర్లు చదువుతాంటే, ఆమె పెదాలు గూడా కదులుతాండె. ఒకసారి బెత్తం వంక, ఒకసారి వాని మొకం వంక చూసె. అందరూ పోయినాంక దగ్గరికొచ్చె.

"బాలస్వామిగారూ, ఒక్క మాట చెప్పొచ్చా?"

వాడు పుట్టినాంక వాన్ని గారు అనింది ఆమె ఒక్కతే.

"మీరు మొదట చెప్పిన పేరు ఇక్కడ చిట్టచివర ఉందండీ. చివర చెప్పింది మొదట ఉంది. మొత్తం తలకిందులుగా చెబుతున్నారు. మధ్యలో ఏడోది ఒక్కటే సరిపోయింది."

బాలస్వామికి అప్పుడు కనబడె... నేల మీద కూచోని ఉండే శేషయ్య. ఆయన కర్ర మొదట తట్టింది ఏ గీతను? కిందిదాన్ని. మోకాళ్లు పోయిన మనిషి చెయ్యి కిందినుంచే గదా మొదలుపెడతాది. తాను నిలబడి పైనుంచి చదివె. నాలుగేండ్లు.

"మూడోది..." అనె బాలస్వామి. "మూడోది హుస్సేన్ వలి గాదా?"

"కాదండీ. మద్దిలేటి అని ఉంది. కోవెలకుంట్ల. హుస్సేన్ వలి పదకొండోది, అదిగో ఆ కింద." ఆమె సంచిలోనుంచి కాయితం తీసి, పదమూడు పేర్లు వరసగా తెలుగులో రాసిచ్చె. "శుక్రవారం పొద్దున మా పిల్లల్ని తీసుకొస్తాను. ఈలోపు చూసుకోండి. నేనెవరికీ చెప్పను."

అరిచి చెప్పింటే బాగుండు అనిపించె వానికి. ఎవురికీ చెప్పననె చూడు... ఆ మాట రెండు రాత్రులు నిద్ర పోనియ్యలే.

కొత్త వరస నోటికి రావల్ల. రాయి ముందర నిలబడి చదువుకుంటే గానీ రాదు. పగలు నిలబడితే? గైడు బాలస్వామి చిన్నపిల్లోని మాదిరి కాయితం చూసి చదువుకుంటాండాడని ఊరంతా నవ్వదా? మంగళవారం రాత్రి ఆ దోవన జనం తెగలే. బుధవారం రాత్రి మిల్లు వదల్లే. ఇంగ మిగిలింది గురువారమే.

గురువారం రాత్రి... ఆ దోవన ఒక్క పురుగు రాదు. తానే రానియ్యకుండా చేసె గదా.

సందకాడ గట్టి వాన పడి నిలబడె. నల్లరేగడి నేల. అడుగేస్తే కాలు పట్టుకోని వదలదు. బాలస్వామి లాంతరు వత్తి తగ్గించుకోని, గొలుసు దాటి రాయి ముందర నిలబడినాడు. కానగ ఆకుల మీదనుంచి నీళ్లు కారుతాండె — టప్... టప్... దూరంగా నల్లమల మీద మెరుపు, ఉరుము లేకుండా.

మూడో గీత చూసినాడు. ఎండి ఉంది.

ఇంకా పట్టలే... అనుకున్నాడు. అనుకోని, తన మాటకు తానే ఉలిక్కిపడినాడు.

"ఒకటి... డోన్ దేవదానం. రెండు..." గుసగుసగా చదువుకుంటాండాడు. "మూడు... కోవెలకుంట్ల మద్దిలేటి..."

వెనకాల ఏదో చప్పుడు.

ఆగినాడు. కప్పలు అరుస్తాండె. మళ్లా — పచ్. పచ్. బురదలో అడుగులు. మెల్లిగా. ఆగి ఆగి. స్టేషన్ పక్కనుంచి గాదు, ఊరి పక్కనుంచి గాదు... కానగ చెట్ల వెనకనుంచి.

లాంతరు ఊదేసినాడు. గొలుసు ఇవతలికి దాటి, సిమెంటు బల్ల వెనకాల గొంతు కూచున్నాడు.

తెల్లగా ఏదో కదిలె. నేలకు ఆనినట్టు లేదు. వచ్చి... గొలుసు కాడ వంగె. గొలుసు గణగణమనలే. మెత్తగా ఎత్తి, కింద దూరి, రాయి కాడికి పోయె. ఆ గొలుసు యాడ పట్టుకుంటే చప్పుడు కాదో బాలస్వామికే తెలీదు. దానికి తెలుసు.

చెయ్యి ఒకటి రాయి మీద పాకె.

"ఒకటి..." గొణుగు. "రెండు... మూడు."

చెయ్యి ఆగె. గాలిలో సువాసన — ఆ శుక్రవారం వాసనే. రాయిని రుద్దుతాండె, మెల్లిగా, చంటిబిడ్డకు నూనె రాసినట్ట.

బాలస్వామి పండ్లు బిగబట్టినాడు. అరచేతులు తడిసిపోయె.

"ఆలస్యమాయె" అనె ఆ ఆకారం. ఆడగొంతు. "వాగు కాడ బస్సు నిల్చిపోయె. ఆళ్లగడ్డలో పొద్దు ఉండంగనే ఎక్కినా... ఎదురుచూస్తివేమో."

దెయ్యం బస్సులో వస్తాదా? బాలస్వామి బల్ల పక్కనుంచి తల పెట్టి చూసినాడు. మనిషి. తెల్ల ఓణీ తల మీదుగా కప్పుకున్న ఆడమనిషి. పక్కన చిన్న నూనె బుడ్డి.

భయం దిగిపోవల్ల గదా. దిగలే.

"పిల్లోడు నీ అంత ఎత్తు అయినాడు. దూది బాగనే ఏకుతాడు. నీ మాదిరే ఎడమచేతి వాటం..." నవ్వె కొంచెం. "పగలు వద్దామనే ఉంటాది నాకు. పేరు చూపించిన పొద్దే ఆ అన్న చెప్పె గదా, రాయి ముట్టుకుంటే బెత్తం పడతాదని. ముట్టుకోకుండా ఎట్ల ఉండేది? అందుకే ఇట్ల, దర్గాకు పోయే గురువారం, చీకటిపడినాంక."

పేరు చూపించిన పొద్దు...

బాలస్వామికి గుర్తొచ్చె. మూడేండ్ల కింద. ఒక ఆడమనిషి, పక్కన ఒక పిల్లోడు. మా ఆయన పేరు యాడుండాది అన్నా అని అడిగె. బెత్తం మొనతో చూపించినాడు — పైనుంచి మూడోది, చెయ్యి తీ, చెయ్యి తీ. మొకం గూడా సరిగ్గా చూడలే. అట్లాంటోండ్లు శానామంది వస్తాండ్రి. మర్చిపోయినాడు. మర్చిపోయి, ఆమె పూసిన నూనెనే చూపించి, ఆమె మొగున్ని పిరికోన్ని చేసినాడు.

"ఒక మాట అడుగుతా. కోపం చేసుకోవద్దు." గొంతు ఇంకా తగ్గె. "నువ్వు పారిపోయినావంట గదా... బస్సులో చెప్పుకుంటాండారు. ఈ అన్నే చెప్తాడంట. చదువుకున్న మనిషి. అబద్ధం ఎందుకు చెప్తాడు?"

బాలస్వామి కండ్లు మూసుకున్నాడు.

"పిల్లోన్ని బజార్లో పారుబోతు కొడకా అని పిలుస్తాండారు. వాడు యాడ్సినాడు. నేను యాడవలే. నాకు... సంతోషమాయె. సర్కారు కాయితంలో గూడా సచ్చినాడని లేదు. కనపళ్లేదనే ఉండె. పారిపోయింటే బతికుంటావు గదా? యాడో ఒక ఊర్లో ఏకుకుంటా... సిగ్గుపడి రాకుండా ఉండావు. అంతే గదా?"

టప్... టప్... ఆకుల నీళ్లు.

"రెండేండ్లాయె, తలుపుకు గడియ పెట్టలే. పగలు రాలేవని నాకు తెల్దా? రాత్రి రా. నేనేమీ అనను. ఎవురేమన్నా నేనుండా."

లేచి ఆమె కాళ్ల మీద పడల్ల. పడి, అక్కా అంతా అబద్ధం, అని చెప్పల్ల. బాలస్వామి లేచినాడు గూడా. కాలు కదిపినాడు.

బూటు లాడం సిమెంటుకు తగిలె. టక్.

ఆమె తిరిగె.

నల్లమల మీద మెరిసె. ఒక్క క్షణం. ఆ వెలుగులో ఆమెకు ఏం కనబడిందో... కాకీ చొక్కా. మిలిటరీ బూట్లు. మొకం మీద కానగ నీడ.

"...వచ్చినావా?"

బాలస్వామి బల్ల అంచు పట్టుకున్నాడు.

"నువ్వేనా? మాట్లాడు... నువ్వేనా?"

ఆమె చెయ్యి చాపె. ఒక అడుగేసె. ఒక్క మాట చాలు. నేను బాలస్వామినక్కా. ఒక్క మాట.

బాలస్వామి పరుగెత్తినాడు.

"పోవద్దు!" వెనకనుంచి కేక. ఇంతసేపూ గుసగుసలాడిన గొంతు చీలిపోయె. "పారిపోవద్దు! నేనేమీ అనను అంటి గదా! అయ్యో, పోవద్దు..."

నల్లరేగడి కాలు పట్టుకునె. గుంజినాడు. కాలు వచ్చె, బూటు రాలే. ఆగలే. వెనక్కి తిరిగి చూడలే. హుస్సేన్ వలి ఎట్ల పరుగెత్తినాడో రెండేండ్లుగా వందసార్లు చెప్పినాడు వాడు. అంతా తాను అల్లిందే. ఆ రాత్రి అల్లింది అల్లినట్టే జరిగె.

తెల్లారె.

రెండో బూటు మిల్లులో గోతాల కింద దాచినాడు. పోకుండా ఉండిపోదామా అనుకున్నాడు. సరస్వతి టీచరమ్మ పిల్లోండ్లతో వచ్చి ఉంటాది. అంతకంటే... ఆ కేక. చెవుల్లోనుంచి పోదే. ఉత్తకాళ్లతోనే పార్కు దోవ పట్టినాడు.

గేటు కాడికి రాకముందే జట్కావాడు ఎదురొచ్చె, ఎగురుతా.

"బాలస్వామన్నా! దొరికె! నువ్వు చెప్పిన బూటే, బురదలో! అబ్బ, నీ మాట అట్టే నిజమాయె కదప్పా! ఇంగ కర్నూలు నుంచి గూడా వస్తారు చూడు జనం!"

లోపల బడిపిల్లలు, టీచరమ్మ, యాగంటికి పోయే యాత్రికులు ఒక ఇరవైమంది. అందరూ ఒకే తావ మూగి ఉండారు. బాలస్వామిని చూసి దోవ ఇచ్చిరి.

సిమెంటు బల్ల మీద ఆమె కూచోని ఉండె. రాత్రంతా నిద్ర లేని కండ్లు. ఒళ్లో బూటు. బురదంతా కడిగి, ఓణీ చెంగుతో తుడిచి పెట్టుకోని ఉండె.

"అన్నా, నీ కోసరమే కూచున్నా" అనె. "నా పేరు ఫాతిమున్నీసా. మాది ఆళ్లగడ్డ. నువ్వు చెప్తావే హుస్సేన్ వలి — నేను ఆయన ఇంటిదాన్ని. మూడేండ్ల కింద పేరు చూపిస్తివి."

"ఆ..." అనె బాలస్వామి.

"రాత్రి ఆయన వచ్చినాడు. కండ్లారా చూసినా. పిలిస్తే పారిపాయె." ఆమె బూటు ఎత్తి చూపించె. "ఇది మిలిటరీదేనా?"

"మిలిటరీదే."

జనంలో గుసగుసలు లేచె. ఒక ముసలామె చేతులు జోడించె.

"ఒక్కటే నాకు తెలీలే. నువ్వు తెలిసిన మనిషివి, చెప్పు." ఫాతిమున్నీసా చెంగు ముడి విప్పె. నల్లబడిన దూది ఉండ ఒకటి తీసె. "ఇది బూటు లోపల ఉండె. పాత దిండులో దూది. మాది ఏకే పని, పట్టుకుంటే తెలుస్తాది. మా ఆయనది పెద్ద కాలు. సంతలో చెప్పులు దొరకక కుట్టించుకుంటాండె. మరి... మిలిటరీలో బూటులో దూది పెట్టుకుంటారా అన్నా?"

చలిదేశంలో పెట్టుకుంటారు. జవాబు నాలిక మీదనే ఉండె. చెప్తే ఇరవైమంది నమ్ముతారు. ఆమె గూడా నమ్ముతాది. నమ్మి, బూటు చంకలో పెట్టుకోని ఆళ్లగడ్డ బస్సెక్కుతాది. ఈ రాత్రి గూడా తలుపు తెరిచి పెడతాది.

బాలస్వామి తల తిప్పినాడు. సరస్వతి టీచరమ్మ వాని మొకం చూడలే. వాని కాళ్లు చూస్తాండె — మడమల దాకా ఎండిపోయిన నల్లమట్టి, ఉత్తకాళ్లు. చూసి, చప్పున కండ్లు పక్కకు తిప్పుకునె. మళ్లా కాపాడతాండాది.

బాలస్వామి వంగి, ఫాతిమున్నీసా ఒళ్లోనుంచి బూటు తీసుకున్నాడు. నేల మీద పెట్టినాడు. కాలు దూర్చినాడు. లొడలొడ. మడమ పైకి లేచె. కాలు తీసి, ఆమె చేతిలోని దూది తీసుకోని ముందర కుక్కి, మళ్లా దూర్చినాడు.

సరిగ్గా సరిపోయె.

జట్కావాడు ఒకసారి నవ్వె. ఎవురూ నవ్వకపోయేసరికి ఆపె.

"రాత్రి... నువ్వా?" అనె ఫాతిమున్నీసా.

"నేనే అక్కా."

"పిలిస్తే పలకలేదే."

బాలస్వామి బూటు తాడు బిగించినాడు.

"మీ ఆయన పారిపోలే" అనె. తల ఎత్తకుండా, బూటుకే చెప్తాండాడు. "ఆయన ఏం చేసినాడో నాకు తెల్దు. నేను యుద్ధం మొకం చూడలే. మిలిటరీలో నన్ను తీసుకోనే లే. తుపాకి, వాగు, బూటు... అంతా అల్లి చెప్తి. జనం వింటాండ్రని. నాకు ఇంగ్లీషు అచ్చరం రాదు. ఆ మూడోది... అది గూడా మీ ఆయన పేరు గాదక్కా."

ఎవురో ఛీ అనిరి. వెనకనుంచి ఒకడు ఉమ్మె. యాత్రికులు ఒక్కొక్కరే జరిగిపోతాండ్రి. బాలస్వామి కదల్లే.

ఫాతిమున్నీసా మూడో గీత వంక చూసె. నూనె ఇంకా ఆరలే. ఎండలో మెరుస్తాండె.

"మరి ఆయనది యాడుండాది?"

బాలస్వామి గొలుసు కొక్కెం తీసినాడు. దాన్ని ఒకరి కోసరం తీసింది అదే మొదలు. సరస్వతి ముందరకొచ్చి వేలితో చూపించె. కింద, మోకాలెత్తున. దుమ్ము, చీమల మట్టి. ఫాతిమున్నీసా నేల మీద కూచోని చెంగుతో తుడిచె. అచ్చరాల గుంతల్లో వేలు పెట్టి, ఈ కొసనుంచి ఆ కొసకు పోనిచ్చె.

"ఇంత కింద ఉండావా" అనె.

బుడ్డిలో అడుగున కొంచెం గంధం నూనె మిగిలుండె. రాసె. రాసినాంక లేచి, చేతికంటింది మూడో గీతకు గూడా పూసె.

"ఈయన ఎవురు?"

"కోవెలకుంట్ల మద్దిలేటి."

"ఈయన కోసరం ఎవురన్నా వస్తారా?"

"నేను చూసినంతలో ఎవురూ రాలే."

"మూడేండ్లు మా ఇంటి సంగతులన్నీ విన్నాడు పాపం" అనె ఆమె. బుడ్డికి బిరడా పెట్టె. చిన్న మూట చంకన పెట్టుకోని గేటు దాకా నడిచె. పగటి బస్సుకు ఇంకా పొద్దుంది, అయినా నిలబడలే.

గేటు కాడ తిరిగె.

"అన్నా."

బాలస్వామి ఒక కాలికి బూటుతో, ఒక ఉత్తకాలితో, తెరిచిన గొలుసు చేతిలో పట్టుకోని నిలబడి ఉండె.

"అయితే... ఈ రాత్రినుంచి తలుపుకు గడియ పెట్టుకోవచ్చునా?"

వాడు ఔనని తల ఊపినాడు.